రాగం తగ్గించని సత్యభామ

మంగళవారం పొద్దున తొమ్మిదింపావు. జమ్మలమడుగులో పులివెందుల బస్సెక్కినాను. పక్క వరసలో ఒకామె కూర్చోనుంది. ఎవరు పిలిస్తే ఆ ఊరికి పోయి నాటకంలో సత్యభామ వేసే ఆమె. ముందు సీట్లో ఆమెను పిలుచుకపోతాండే ఆసామి. మా పల్లెల్లో నాటకానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటే వాళ్లదే కృష్ణుడి వేషం.

ఆయన వెనక్కి తిరిగినాడు. "అక్కా, ఈ పొద్దు రాగం కొంచెం కురచగా తియ్యి. చప్పట్లన్నీ నీకే పడితే మా ఊర్లో నా మర్యాద ఏం గావాల?"

"అట్లయితే నువ్వే పొడుగ్గా తియ్యప్పా. నేను వద్దంటినా?"

"నాకు దమ్ము చాలదు గదక్కా."

"నీకు దమ్ము చాలకుంటే నేనెందుకు గొంతు నొక్కుకోవాల?"

"శానా మాట్లాడతాండావే! ఇంకొకామెను పిలుచుకుంటా పో. ఈ చుట్టుపక్కల నీకు ఇంక వేషం ఎవరిస్తారో చూస్తా."

ఆమె బస్సు ఆపించి, పెట్టె తీసుకోని చేన్ల నడమ దిగింది. ఇంకో బస్సు ఎప్పుడొస్తాదో చెప్పలేనని కండక్టరు అన్నా వినలేదు. ఆసామి కూర్చున్న కిటికీకి ఎదురుగా నిలబడి రాగం ఎత్తుకుంది. డ్రైవరు ఇంజను ఆపేసినాడు. ఆమె ముగించినాకనే బస్సు కదిలింది.

నేను అరవై దాటినాక అక్షరాలు నేర్చుకున్న మనిషిని. తప్పులు బయటికి వినపడతాయని, పేపరు మెల్లగా చదువుకో మామా అంటాది కోడలు. ఇప్పుడు వాకిట్లో కూర్చోని గట్టిగా చదువుతాండా.

ఆ దినం చప్పట్లు కొట్టినోళ్లు డ్రైవరు మస్తాను, కండక్టరు లక్ష్మిదేవి, గొర్రెల యాపారం ఓబులేసు, గాజులమ్మే ఖాసీంబీ, నేను. కృష్ణుడు కూడా ఆడనే ఉన్నాడు. కొట్టలేదు.