నీళ్ల మీద ఆగిన చెయ్యి

నేను మోటార్లు చుట్టే ఇంట్లో పుట్టాను. నెల్లూరులో మా నాన్న షాపులో కాలిన వైండింగ్ వాసన మధ్యే నా హోంవర్కంతా సాగింది. యంత్రానికి దయ్యం పట్టదనీ, పట్టేస్తే బేరింగే పట్టేస్తుందనీ నమ్మి పెరిగాను. ఎం.టెక్‌లో మెకట్రానిక్స్ తీసుకున్నాక, అదేం చదువని అడిగిన ప్రతివాళ్లకీ "మోటారుకి బుద్ధి నేర్పే చదువు" అని చెప్పేదాన్ని. గొప్పలు చెప్పుకోవడంలో నేను ఎవరికీ తీసిపోను.

రెండో ఏడాది ప్రాజెక్టుకి రొయ్యల చెరువు ఎంచుకున్నాను. జువ్వలదిన్నె దాటాక సముద్రానికి దగ్గరగా చెరువులు వరసగా ఉంటాయి. వాటిలో ఒకదాని యజమాని మా నాన్న దగ్గర మోటార్లు చుట్టించుకునే మనిషే. లోపలి ఊళ్లో వరి పండించే ఇంటివాడు, నేను అన్నా అని పిలిచేదాన్ని. రొయ్యలకి రోజుకి నాలుగుసార్లు మేత చల్లాలి. చెరువుకి అడ్డంగా కట్టిన తాడు లాక్కుంటూ, తెప్ప మీద నిలబడి ఒక మనిషి చల్లుతాడు. ఎక్కువ పడితే నీళ్లు చెడిపోతాయి, తక్కువ పడితే రొయ్యలు ఒకదాన్నొకటి తింటాయి. ఆ చల్లే చేతి ఒడుపుని యంత్రానికి నేర్పడమే నా ప్రాజెక్టు.

ఆ చెయ్యి ఒక పెద్దాయనది. చెరువు తవ్విన ఏడాది నుంచీ ఆయన అక్కడే ఉన్నాడు. పక్క చెరువుల వాళ్లు ఎన్నిసార్లు పిలిచినా కదల్లేదట. "పనంటే ఈ చెరువు మిందనే. ఇది లేదంటే ఇంకోటి నాకొద్దు" అని నాతో కూడా అన్నాడు. యంత్రం కుదిరితే ఆయన ఆ గట్టు దిగాల్సి వస్తుందని యజమానికి తెలుసు, నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా నేను సెన్సారు పట్టీ తీయగానే నవ్వి మణికట్టు చాచాడు.

"కట్టమ్మా నీ గడియారం. నా చేతిలో ఏముండాదో నేనూ చూస్తా."

మూడు వారాలు ఆయన చల్లాడు, పట్టీ రికార్డు చేసింది. చెయ్యి ఎంత ఎత్తు లేచింది, ఎటు తిరిగింది, తాడు ఎప్పుడు లాగింది, ఎప్పుడు ఆపింది, అన్నీ నా లాప్‌టాప్‌లోకి చేరాయి. నేను మాత్రం షెడ్డు నీడలో కూర్చుని ఫోను చూసుకుంటూ ఉండిపోయాను. సెన్సారు చూస్తుంటే నేను కూడా చూడటం దేనికనుకున్నాను.

యంత్రాన్ని తెప్ప మీద బిగించిన రోజు ఆయన లేడు. కంటి ఆపరేషన్‌కి నెల్లూరు వెళ్లాడు. మధ్యాహ్నం రెండు గంటల మేత. మేత చల్లేటప్పుడు నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆపేస్తారు, లేకపోతే మేతంతా ఒక పక్కకి కొట్టుకుపోతుంది. పొద్దుటి నుంచి చెవుల్లో మోగిన చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే, ఆ నిశ్శబ్దం మనిషిని కాస్త ఇబ్బంది పెడుతుంది. ఎండ తెల్లగా కాస్తోంది. తెప్ప తాడు వెంట కదిలింది, ఇనుప చెయ్యి లేచింది, మేత విసనకర్రలా విచ్చుకుని పడింది. అచ్చం ఆయన చల్లినట్టే. నేను గట్టు మీద చప్పట్లు కొట్టాను.

ఈశాన్యం మూల దగ్గర తెప్ప ఆగింది.

చెయ్యి కిందికి దిగింది. నీళ్ల దాకా కాదు, దాదాపు నా తొడ ఎత్తుకి దిగి నిలిచింది. చివరనున్న గరిటె బోర్లా తిరిగింది. తెప్ప పక్కన, ఏమీ లేని చోట, గాలిలో ముందు నుంచి వెనక్కి గుండ్రంగా కదిలింది. మళ్లీ కదిలింది. మూడోసారి ఇంకా నెమ్మదిగా. తర్వాత పైకి లేచి, ఏమీ ఎరగనట్టు మేత చల్లుకుంటూ పోయింది.

మిట్టమధ్యాహ్నం నేను గట్టు మీద ఒక అడుగు వెనక్కి వేశాను. అక్కడ ఎవరో నిలబడి ఉన్నారు, నాకే కనబడటం లేదు అనిపించింది. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

భయాన్ని కోపంగా మార్చుకోవడం నాకు అలవాటు. మోటార్లు విప్పాను. గేర్లు మార్చాను. వైర్లన్నీ మళ్లీ అతికించాను. మర్నాడు పొద్దున ఆరుకి అదే చోట ఆగింది, పదికి ఆగింది, రెండుకి ఆగింది. వల బాగుచేసే ఆడవాళ్లు పని మాని చూడటం మొదలుపెట్టారు. "దానికేదో సోకిందిమే, నిమ్మకాయ కట్టండి" అన్నదొకామె. యజమాని నిజంగానే కట్టాడు. నా ఎం.టెక్ ప్రాజెక్టుకి నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు!

చివరికి రికార్డులు తెరిచి చూశాను. తప్పు యంత్రానిది కాదు. మూడు వారాల్లో ప్రతి పూటా, ప్రతి చుట్టులో, పెద్దాయన ఆ మూల దగ్గర ఆగాడు. ప్రతిసారీ చెయ్యి అలాగే దించాడు. ఎత్తు కూడా అన్నిట్లోనూ ఒక్కటే. మా గైడుగారికి ఫోన్ చేస్తే ఆయన తేలిగ్గా తీసిపారేశారు. "పనికి సంబంధం లేని కదలిక కదా, అనవసరం. ఫిల్టర్ వేసి తీసెయ్. వారంలో ఎగ్జామినర్ వస్తున్నారు."

ఆ సాయంత్రమే పెద్దాయన నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చాడు. ఆరు గంటల మేత వేళ నా పక్కనే గట్టు మీద నిలబడ్డాడు. తెప్ప ఆగింది, చెయ్యి దిగింది, నిమిరింది.

"అదేంది, అట్లా చేస్తా ఉండాది?"

"మీరు చేసిందే తాతా. మీ దగ్గరే నేర్చుకుంది."

"నేనా? నేనెప్పుడు చేసినాను అట్లా?"

ఎగతాళికి అంటున్నాడేమోనని ముఖంలోకి చూశాను. కాదు. కళ్లద్దాలు తీసి, తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత షెడ్డులోకి పోయి పడుకున్నాడు. అన్నం కూడా తినలేదు.

ఆయన్ను వెక్కిరించినట్టయిందేమో అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న సాకు. నిజం ఏమిటంటే, ఆ కదలికను ఇంకొక్కసారి చూసే ధైర్యం నాకు లేదు. కూర్చుని పది వరుసల కోడ్ రాసి దాన్ని తీసేశాను. లాప్‌టాప్ నిండిపోయిందన్న వంకతో అసలు రికార్డులన్నీ తుడిచేసి, శుభ్రం చేసినవి మాత్రం ఉంచుకున్నాను. మర్నాడు తెప్ప ఈశాన్యం మూల ఆగకుండా సాఫీగా పోయింది. నాకు హాయిగా అనిపించింది. ఎగ్జామినర్ వచ్చి చూసి మెచ్చుకున్నారు. యజమాని సంబరపడి, ఈ పంట రొయ్యల పట్టుబడి అయ్యాక ఇక రానక్కర్లేదని పెద్దాయనతో చెప్పేశాడు.

నేను సామాన్లు సర్దుకుంటుంటే పెద్దాయన షెడ్డు గుమ్మంలో వచ్చి కూర్చున్నాడు.

"పని పోయిందని కాదమ్మా. ఒక్కటి అడగాల."

"చెప్పండి తాతా."

"ఈ చెరువు తవ్వకముందు ఈడంతా ఇసక దిబ్బ. మా బిడ్డని ఆ మూలనే పాతిపెట్టినాం. మూడేళ్లది. జొరమొచ్చి పోయింది. పొక్లెయిను వచ్చినప్పుడు ఎవరికి చెప్పుకోవాలో తెలవలా. ఈ యజమానికి గూడా ఇప్పటిదాకా తెలవదు. వచ్చి పని అడిగినా, అంతే. ఆ మూల ఆగతానని నాకు తెలుసు. చెయ్యి సంగతే తెలవదు. నీ మిషను చేస్తే చూసినా." ఈశాన్యం మూల వైపు చూశాడు. "నేను ఎట్లాగూ పోతా ఉండా. అదన్నా రోజూ ఆడ ఆగితే చాలు. ఆ ఒక్కటీ తీసెయ్యబాకమ్మా."

తీసేశానని చెప్పాను. తుడిచేశానని కూడా చెప్పాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే మళ్లా ఎక్కించు" అని మణికట్టు చాచాడు.

పట్టీ కట్టి, ఏరియేటర్లు ఆపించాను. ఇద్దరం తెప్ప ఎక్కాం. ఆయన తాడు లాగాడు, మేత చల్లాడు. ఒడుపు ఏమీ తగ్గలేదు. ఈశాన్యం మూల వచ్చింది. తెప్ప ఆపి చెయ్యి దించాడు. అది ఈగల్ని తోలినట్టు ఊగింది. మళ్లీ దించాడు. ఈసారి కర్రలా బిగుసుకుంది. నాలుగోసారి సగంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్లూ తనకు తెలియకుండా చేసినది, తెలిశాక చెయ్యలేకపోతున్నాడు. నీళ్లు కదలడం లేదు. ఆయన ఆ ఖాళీ చోటు వైపే చూస్తున్నాడు.

"రావడంలేదమ్మా" అన్నాడు. "ఎట్లా చేసేవాణ్ణి నేను? నువ్వు చూసినావు గదా. చూపించు."

ఆయన మణికట్టు పట్టుకున్నాను. సెన్సారు దీపం నా వేళ్ల మధ్య మిణుకుమిణుకుమంటోంది. చేతిని కిందికి దించాను. అరచెయ్యి బోర్లా తిప్పాను. ఇంకొంచెం కిందికి తాతా, అన్నాను. ఇప్పుడు మెల్లగా. ఇంకా మెల్లగా.

ఆ బిడ్డను నేనెన్నడూ చూడలేదు. తల ఎంత ఎత్తులో ఉంటుందో మాత్రం, వాళ్ల నాన్నకి నేనే చెప్పాను.