మైపాడు అక్కకు ఈత వచ్చునట

మా ఇంటి ముందు పార్కులో స్విమ్మింగ్ పూల్ కట్టినప్పటి నుంచి మా వీధిలో ఏ ఇద్దరి మాటా కలిసిన పాపాన పోలేదు. నెల్లూరు ఎండలకు పిల్లలు హాయిగా ఈదుకుంటారని కొందరు. తాగే నీళ్ళకే ట్యాంకర్ల వెంట పరుగెత్తుతుంటే ఈ సోకులేమిటని ఇంకొందరు. నాకు ఏ పట్టింపూ లేదు. మా వంతు ట్యాంకరు రాని రోజు మాత్రం రెండో గుంపులో చేరేదాన్ని.

పట్టింపు ఉన్న మనిషి మా పై వాటాలో ఉండేది. ఆమె బట్టలు కుట్టేది. నమాజు వేళ తప్ప మిషను ఆపేది కాదు. తొక్కి తొక్కి మోకాళ్ళు పట్టేశాయి. రోజూ కాసేపు నీళ్ళలో నడవమని, లేకపోతే మెట్లు ఎక్కడమూ కష్టమవుతుందని డాక్టరు చెప్పాడు. మగవాళ్ళు ఉండగా ఆమె దిగదు. అందుకని మధ్యాహ్నం ఒక గంట ఆడవాళ్ళకు వదలమని వీధంతా తిరిగి అడిగింది.

పార్కు కమిటీకి పెద్ద మా ఎదురింటి రిటైర్డ్ ఇంజనీరు. ఆయనకు మొదటి నుంచీ ఆ పూల్ అంటే గిట్టదు. "ఈత వచ్చిన ఆడమనిషి గట్టున కాపలా ఉంటేనే ఇస్తాం" అన్నాడు. అలాంటి మనిషి దొరకదని ఆయన ధీమా. కానీ మీటింగులో అందరి కళ్ళూ చివరింటి ఆటో అతని భార్య మీదికి పోయాయి. ఆమెది మైపాడు. పుట్టింటివాళ్ళు తరతరాలుగా సముద్రంలో వల వేసేవాళ్ళు. ఈత వచ్చా అని ఆమెను ఎవరూ అడగలేదు. బాతును అడుగుతామా? ఆమె ఒకసారి టైలరక్క ముఖం చూసి, "సరే సార్, నేనుంటాలే" అంది.

అలా మొదలైంది ఆడవాళ్ళ గంట. టైలరక్క కడ్డీ పట్టుకుని నడుము లోతు నీళ్ళలో అటూ ఇటూ నడిచేది. మైపాడు అక్క కొంగు బిగించి గట్టున కుర్చీ వేసుకుని, లోతు వైపు ఎవరు కదిలినా కేకలేసేది. ఉక్క తట్టుకోలేక నేనూ వెళ్ళేదాన్ని. ఒకరోజు సరదాగా ఆమెను చెయ్యి పట్టి నీళ్ళలోకి లాగితే, రెండో చేత్తో కుర్చీని కరచుకుంది.

"నాకు ఈత రాదక్కా" అంది. "మా కాడ ఆడోళ్ళు పడవెక్కరు. ఎక్కితే వలలో చేప పడదంట. గంప నెత్తిన పెట్టుకోని అమ్మేదే మా పని. పాదాలు తడిసిందే గానీ సముద్రంలోకి ఏనాడూ పోలేదు."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"చెప్తే ఈయక్క కాళ్ళు ఏం గావాల?"

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆ తర్వాత మేమెవరమూ నడుము లోతు దాటలేదు.

ఆమె ఎప్పుడూ నీళ్ళలో దిగదని ఎవరో ఇంజనీరు చెవిన వేశారు. ఆడవాళ్ళ గంటలో తను రాలేడు కాబట్టి, చూసి రమ్మని భార్యను పంపాడు. మొగుడి మాటకు ఎదురు చెప్పి ఎరగని మనిషి ఆవిడ.

"ఏదీ, ఒకసారి ఈదు" అంది ఆవిడ.

మైపాడు అక్క మెట్లు దిగి, కడ్డీ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. "రాదమ్మా" అంది. ఇంజనీరు భార్య వెనుదిరిగి వెళ్ళిపోయింది. టైలరక్క నీళ్ళలోనే నిలబడి ఏడ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఇంజనీరు గేటు దగ్గర కనిపించాడు. ముఖం మాడిపోయి ఉంది.

"చేప మాదిరి ఈదతా ఉండాదంట గదమ్మా, మా ఇంటామె చెప్పింది" అన్నాడు.

నేను తలూపాను.

మర్నాడు ఇంజనీరు భార్య భుజాన తువ్వాలుతో వచ్చింది. మైపాడు అక్క కంగారుగా లేచి నిలబడింది. "నేర్పేదానికి నాకే రాదు గదమ్మా."

"నేర్పొద్దులే, పట్టుకో చాలు" అని ఆవిడ మెట్టు మీద ఆగి చెయ్యి చాపింది. "చిన్నప్పుడు మా అన్న నేర్పతానని బాయిలో దించి వదిలేసినాడు. ఈత వచ్చినోళ్ళు వదిలేస్తారు. నువ్వు వదలవు."