పిన్నమ్మ పెట్టే పచ్చల పువ్వు

జమ్మలమడుగులో ప్రేమకుమారిని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. వరస కలిసినా కలవకపోయినా అందరికీ ఆమె పిన్నమ్మే. పిన్ను పెట్టే అమ్మ కాబట్టి పిన్నమ్మ అయిందని కుర్రకారు నవ్వుకునేవాళ్లు. ఆ రోజుల్లో ఆమె కూడా నవ్వేది.

ఆ పిన్ను మామూలు పిన్నీసు కాదు. పాతకాలపు బంగారు పువ్వు. నడిమధ్యన, ఆకుల మీద పచ్చలు పొదిగారు. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసిన ఆమె అవ్వకు, తన దేశానికి తిరిగి వెళ్లిపోతూ ఒక డాక్టరు దొరసాని ఇచ్చిపోయింది. నగలు పెట్టుకోవడం తప్పనుకునే ఇల్లు వాళ్లది. అందుకని అవ్వ దాన్ని నగ అనలేదు. "ఇది పైట జారకుండా ఉండేదానికి, సోకుకు కాదు" అని తేల్చేసి, చర్చిలో పెళ్లయ్యే ప్రతి పిల్లకూ ఎరవిచ్చింది. అవ్వ తర్వాత అమ్మ, అమ్మ తర్వాత ప్రేమకుమారి. ఆ పేటలో ఏ ఇంటి గోడ మీది పెళ్లి ఫోటో చూసినా, తెల్లచీర పైటా ముసుగూ కలిసే చోట, ఎడమ భుజం మీద అదే పువ్వు ఉంటుంది.

పెట్టడం మాత్రం పిన్నమ్మే పెట్టాలి. వేరే చెయ్యి పడనిచ్చేది కాదు. పట్టు చిరగకుండా మెల్లగా సూది దించుతూ ప్రతి పెళ్లికూతురికీ ఒకటే మాట చెప్పేది. "కదలాకమ్మా, గుచ్చుకుంటాది." ఆ మాట పట్టుకొని పేటలో ఆడపిల్లలు పెళ్లాట ఆడేవాళ్లు. ఆమె కూతురు మౌనిక పిన్నమ్మ అయ్యేది, నేస్తురాలు సుస్మిత పెళ్లికూతురయ్యేది.

మౌనిక పులివెందులలో టీచరుగా చేరిన ఏడాదే జ్వరమొచ్చి పోయింది. పెళ్లికాని పిల్లను పెళ్లికూతురిలా సాగనంపడం వాళ్లలో ఉంది. తెల్లచీర కట్టారు, ముసుగు వేశారు. పిన్ను దగ్గరికి వచ్చేసరికి అందరూ తప్పుకొని ప్రేమకుమారికి దారిచ్చారు. ఆమె శవపెట్టె మీదికి వంగి పైట సర్దింది. అలవాటు పడిన నోరు కదా, అనేసింది.

"కదలాకమ్మా, గుచ్చుకుంటాది."

ఇంట్లో ఏడుస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. ఆమెకు మాత్రం ఏడుపే రాలేదు. అప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. పెట్టె మూసేముందు ఎవరో పువ్వు తీసి ఆమె గుప్పిట్లో పెట్టారు.

ఆ తర్వాత ఆమె తిన్నది, పడుకుంది, ఆదివారం చర్చికి పోయింది. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలిసేది కాదు. పిన్ను కోసం ఎవరూ రాలేదు. శవానికి పెట్టిన దాన్ని పెళ్లికూతురికి ఎట్లా పెడతారు? ఆ మాట పైకి అన్నవాళ్లు లేరు. "ప్రొద్దుటూరులో ఇప్పుడు మంచి మంచివి దొరుకుతాండాయి పిన్నమ్మా" అనేవాళ్లు, అంతే. మనిషిని తిట్టి దూరం పెట్టొచ్చు, మర్యాద చేసి కూడా పెట్టొచ్చు. రెండోదే గట్టి దెబ్బ. ఆమెకు అదీ తగల్లేదు.

సుస్మిత పెళ్లినాటి పొద్దున తెల్లచీరతో, ముసుగుతో ఆ పిల్ల నేరుగా ప్రేమకుమారి ఇంటికే వచ్చింది. వెనకాలే వాళ్లమ్మ వనజమ్మ, చేతిలో చిన్న నగల డబ్బాతో గడప బయటే ఆగిపోయింది.

"పిన్నమ్మా, పిన్ను పెట్టు" అంది సుస్మిత.

"కొత్తది తెచ్చినాం కదే" అంది వనజమ్మ. "ప్రొద్దుటూరు బజారంతా తిరిగింది ఎవురికోసం?"

"నాకు ఆ పువ్వే కావల్ల."

ప్రేమకుమారి దాచలేదు. "అది యాడ పెట్టిండేదో నీకు తెలుసు కదమ్మా."

"తెలుసు. నా పెండ్లికి మౌనికే పెడతానని చిన్నప్పుడే మాటిచ్చింది. అది లేదు. నువ్వన్నా పెట్టు."

వనజమ్మ డబ్బాను కొంగు చాటుకు తీసుకుంది.

ప్రేమకుమారి బీరువాలోంచి పువ్వు తెచ్చింది. పైటా ముసుగూ కలిపి పట్టుకుంది. వేళ్లకు పని గుర్తుంది గానీ, ఆ మాట మళ్లీ ఏ నోటితో అంటుంది?

సుస్మిత ఆ మాట కోసం చూసింది. అది రాకపోయేసరికి, తనే కళ్లు మూసుకొని ఊపిరి బిగబట్టి కొయ్యలా నిలబడిపోయింది. తెల్లచీర, తల మీద ముసుగు, మూసిన కళ్లు.

ప్రేమకుమారికి పెట్టెలో పడుకున్న పిల్ల కళ్లకు కట్టింది.

"కదులమ్మా" అంది. "రోంత కదులు."

సుస్మిత ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. భుజం కదిలింది, సూది తగిలింది.

"అబ్బా, గుచ్చుకుంటాంది పిన్నమ్మా."

"గుచ్చుకోనీలేమ్మా" అంటూ ప్రేమకుమారి ఆ పిల్ల భుజం మీద తల వాల్చేసింది.