తిరగేసిన నిక్కరు

వీధిలో అందరూ అతన్ని డబుల్ కుట్టు అనేవారు. ఒక్క వరస చాలిన చోట రెండు వరసలు వేయడం ఆ టైలరు అలవాటు. "లోపలి కుట్టు మనుషులు చూడరు, దేవుడు చూస్తాడు" అంటూ అంచు మడిచి, మళ్ళీ మడిచి బిగించేవాడు. రంగు వెలిసి బట్ట జీర్ణమైపోయినా అతని కుట్టు మాత్రం ఊడేది కాదు.

చాలా ఏళ్ళు తొక్కుడు మిషను మీద కుట్టాడు. బల్ల కింద సన్నని వాన పడుతున్నట్టు పాదాలు ఆడుతూనే ఉండేవి. తర్వాత మిషనుకు మోటారు బిగించారు. చేతులకు సుఖం దొరికింది, కాళ్ళకు పని పోయింది. దారి మరిచిన పశువుల్లా అవి నేలను తడుముకునేవి. వాటి దిగులు చూడలేకే తెల్లవారుజామున పరుగు మొదలుపెట్టాడు.

నిరుడు మారథాన్‌లో సగం దాటాక చతికిలపడ్డాడు. వెనకబడ్డవాళ్ళను ఏరుకుంటూ వచ్చే బస్సు ఎక్కేశాడు. ఈసారి ఎక్కనని తనలో తాను అనుకుని ఊరుకుంటే పోయేది. కానీ చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే వేళ లేచి నిలబడ్డాడు.

"నా కాళ్ళకి పనిచ్చింది ప్రభువే. ఈసారి చివరి గీత దాకా ఆయనే తీసుకెళ్తాడు. బస్సు ఎక్కను."

అందరూ స్తోత్రం అన్నారు. ఇక ఆ మాటకు వెనకడుగు లేదు.

"దేవుడి పేరు మీద పందెం కాశారా?" అంది భార్య, ఇంటికొస్తూ. గుండీలు, హుక్కులు కుట్టేది ఆమే.

"పందెం కాదే, నమ్మకం."

"నమ్మకం సరే. ఆ పరుగు నిక్కరు కొనుక్కోకూడదూ?"

"టైలరు నిక్కరు కొనుక్కుంటే నలుగురూ నవ్విపోరూ! నేనే కుట్టా. గట్టి బట్ట, రెండు వరసలు, జేబులు కూడా."

"యేసయ్య అంగీకి కుట్టే లేదట. ఆయన దగ్గర మీకు పని దొరికేది కాదు."

కొత్త బట్ట నలగకూడదని ఆ నిక్కరును పరుగు రోజు ఉదయమే తొలిసారి తొడుక్కున్నాడు.

సగం దూరం వరకు హాయిగానే సాగింది. గాలి చల్లగా ఉంది. రోడ్డు మీద పాదాల చప్పుడు పాత మిషను పాటలా వినిపించింది. ఆ తర్వాత తొడల మధ్య మంట మొదలైంది. అతని కుట్టే, అతను మడిచి మడిచి బిగించిన అంచే, అడుగడుక్కీ చర్మాన్ని ఒరుసుకుపోతోంది. చెమట తగిలి భగ్గుమంది. పరుగు నడకైంది, నడక కుంటుడైంది. వెనక బస్సు హారను కొట్టింది.

"బాబాయ్, ఎక్కేయండి! సీటు ఖాళీగా ఉంది" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ మనిషి.

"నీ సీటు నీ దగ్గరే ఉంచుకో నాయనా!"

నిక్కరు తిరగేసి వేసుకుంటే మంట తగ్గుతుంది. ఆ సంగతి టైలరుకు ఒకరు చెప్పాలా? కానీ ముందు మలుపులో చర్చి ఉంది. మెట్ల మీద పాస్టరుగారితో సహా అందరూ తన కోసమే నిలబడి ఉంటారు. వాళ్ళ సూట్లు, పెళ్ళి బట్టలు కుట్టినవాడు తిరగేసిన నిక్కరుతో కనబడటమా! చర్చి దాటేదాకా ఓర్చుకుందామనుకున్నాడు. నాలుగడుగులు వేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

భార్య అన్న మాట గుర్తొచ్చింది. కుట్టు లేని అంగీ. సిలువ వేసేటప్పుడు దాన్ని కూడా నలుగురి ముందూ ఒలిచేశారు కదా. ఆ సిగ్గు ఆయన మోశాడు.

"ప్రభువా, నేను నమ్ముకున్నది నిన్నా, నా కుట్టునా?" అనుకున్నాడు. దారి పక్కన పరుగువాళ్ళ కోసం పెట్టిన మరుగుదొడ్డిలోకి దూరి, నిక్కరు తిరగేసుకుని బయటికొచ్చాడు. మిగిలిన కర్టెను గుడ్డతో కుట్టిన పూల జేబులు రెండు పక్కలా కుందేలు చెవుల్లా ఊగాయి.

చర్చి మెట్ల మీద అందరూ పక్కున నవ్వారు.

"అయ్యో, మన డబుల్ కుట్టు తిరగబడ్డాడే!"

"తిరగబడ్డా ఆగలేదు, చూడండి" అన్నారు పాస్టరుగారు నవ్వు ఆపుకుంటూ. "చప్పట్లు కొట్టండయ్యా!"

చెవులు ఎర్రబడినా అతను తల దించలేదు. మంట పూర్తిగా పోలేదు గానీ ఓర్చుకునేంతకు దిగింది. బస్సు వెనకే గుర్రుమంటోంది. అతను రోడ్డును చూడటం మానేసి, లేని పెడల్ మీద కాళ్ళు వేశాడు. ఎడమ, కుడి. వెలుతురు దారం సాగుతున్నట్టుంది, దాని కొసన తను ఒక సూది. ఒక్కో అడుగూ ఒక్కో కుట్టు, ఈసారి ఒకే వరస.

బస్సు కంటే ముందే గీత దాటి, భార్య భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె జేబులు లాగి చూసింది.

"మన కర్టెనేనా ఇది?"

"మిగిలిన ముక్కే."

ఆమె నవ్వబోయి, ఒరుసుకుపోయిన అతని కాళ్ళు చూసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

బస్సు పక్కకొచ్చి ఆగింది. "గెలిచారుగా బాబాయ్! ఇప్పుడైనా ఎక్కండి, ఇంటి దగ్గర దింపేస్తాం."

"ఎక్కనని చర్చిలో చెప్పాను" అన్నాడు టైలరు.

"మీ మొండితనం మండిపోనూ! నిక్కరైనా సరిగ్గా వేసుకోండి" అంటూనే భార్య చెయ్యి అందించింది.

"ఇంటికెళ్ళాక చూద్దాంలే, పద" అంటూ కుంటుకుంటూ నడిచాడు.