పెద్దమ్మ వంటింటి లేతపచ్చ

పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున మా ఆయన షిఫ్టు దిగి వస్తూనే చెప్పారు. పటాన్‌చెరు నుంచి పనికొచ్చే ఒకతనితో వాళ్లబ్బాయి కబురు పంపాడట. నిద్రలోనే పోయిందట. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడిపోయాను. నాకు ముందుగా గుర్తొచ్చింది ఆవిడ ముఖం కాదు, ఆవిడ వంటింటి గోడ. ఇదేం పిచ్చి అనుకోకండి, చెబుతాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఫ్యాక్టరీ క్వార్టర్సు ఇంకా రాకముందు, గుంటూరు వైపు నుంచి కొత్తకాపురానికి వచ్చిన మాకు పటాన్‌చెరులో రెండు గదులు అద్దెకిచ్చిన ఇంటావిడ. ముందు వాళ్ల కిరాణా దుకాణం, వెనక ఇల్లు, పక్కన మా వాటా. మొదటిరోజు "పెద్దమ్మగారూ" అని పిలిస్తే చేట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"గారు ఏంది బిడ్డా, నేనేమన్న తాసీల్దారునా? పెద్దమ్మా అను, చాలు."

అంతే, ఆ పూట నుంచి పెద్దమ్మే. కూర దించితే చాలు, కిటికీలోంచి కేక. "ఓ బిడ్డా, జెర ఉప్పు సూసిపో!" నేను అరచేయి చాపేదాన్ని. మా వైపు కారమే కారమనుకునే దాన్ని, ఆవిడ పచ్చిపులుసు నా గర్వం అణిచింది.

ఆ వంటిల్లు మాత్రం, అమ్మో! కట్టెల పొయ్యి, జానెడు కిటికీ, ఎన్నేళ్ల పొగో పట్టిన గోడలు. పైకప్పులో ఒక్క గాజుపెంకు. పొద్దున అందులోంచి వెలుగు దిగి, పొగలో ఊగుతూ, గోడ దాకా వచ్చి ఆ నలుపులో ఇంకిపోయేది. అందులో ఆవిడ తెల్లచీర ఒక్కటే అటూ ఇటూ తిరుగుతూ కనబడేది. తీరిగ్గా చూస్తూ కూర్చుంటే నాకు కళ్లు మూతలు పడేవి.

పెద్దమ్మకు చూపు తగ్గుతోందని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఆవాలనీ మెంతులనీ వేళ్లతో నలిపి చూసేది. అలవాటనుకున్నాను. ఒకరోజు పొయ్యి మీది నల్లటి గిన్నె ఆనక, ఉత్తచేత్తో దాన్ని పట్టుకుంది. అరచేయి బొబ్బలెక్కింది. దుకాణం వదిలి పరిగెత్తుకొచ్చిన కొడుకు భయంతో అరిచాడు.

"ఇంకొక్కసారి చెయ్యి కాల్చుకున్నవంటే ఇగ నిన్ను పొయ్యి కాడికి రానియ్యనమ్మా! కోడలు లేదా? ఆమె చేస్తది."

 ఆ సాయంత్రం పెద్దమ్మ నా పక్కన అరుగు మీద కూర్చుని చెప్పుకుంది. "గోడ నల్లగ, గిన్నె నల్లగ, ఇగ నేను దేన్ని సూడాలె బిడ్డా? లేతరంగు ఏసుకుంటె అన్నీ అగుపడతయి. పెండ్లయి వచ్చిన కాడికెల్లి ఆ పొయ్యి నాది. అది గూడ తీసుకుంటె నేను ఇంట్ల ఎక్కడ కూసోవాలె?"

 ఏ రంగు వేస్తారో వేయండి, నేనూ చేయి వేస్తాను అన్నాను.

రంగు వేయడం సరే, ఎంచుకోవడం ఒక యజ్ఞమైంది. చిన్న చిన్న గిన్నెల్లో సున్నం కలిపి, రంగుపొడి వేసి, దుకాణం వెనక గోడకు ముక్కలు ముక్కలుగా పూశాం. పొద్దునొకసారి, ఎండ దిగాక ఒకసారి పెద్దమ్మ వచ్చి ముక్కు ఆనించేంత దగ్గరగా చూసేది. తడి మీద ముదురుగా ఉన్న రంగు ఆరాక పాలిపోతుంది కదా, "తడి మీద ఏ రంగునూ నమ్మకు బిడ్డా, ఆరనియ్యి" అనేది. నేను మా ఆయనతో పోట్లాడి తన దగ్గరికి వెళ్లి కూర్చున్నా అదే మాట చెప్పేది. ఇప్పటికీ కోపంలో ఉత్తరం రాయబోతే నాకు ఆ మాటే వినిపిస్తుంది.

తెలుపు వేద్దామంటే, "తెల్లది నా ఒంటి మీద చాలదా, గోడకు గూడనా?" అంది. లేతనీలం దవాఖానాలా ఉందట. గులాబి చూసి పకపకా నవ్వింది. "పెండ్లి పందిరి కింద కూసోని పప్పు రుద్దాల్నా?" చివరికి ఒకరోజు, పూసినవేవీ వద్దని తేల్చేసింది. "లేతపచ్చ తేండ్రి. లేతపచ్చ అయితే పండుగ లెక్క ఉంటది."

లేతపచ్చ! ఆ మాట వినగానే నా కళ్ల ముందు మా ఊరి నారుమడి లేచి నిలబడింది. అప్పుడే మొలకెత్తి, గాలికి వణికే నారు. ఇంకేం అడుగుతాను? ఆదివారం మా ఆయనతో బస్సెక్కి సంగారెడ్డి వెళ్లి, దుకాణంలో పొట్లాలన్నీ విప్పించి, ఆ నారు రంగే తెచ్చాను.

పెద్దమ్మ ఇరుగుపొరుగుతో ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి వెళ్లిన రోజు కోడలూ నేనూ కొంగులు బిగించాం. మసి గీకి, ఒక చేయి సున్నం కొట్టి, దాని మీద రంగు. మధ్యాహ్నానికి సగం గోడ ఆరింది. కోడలు కుంచె పట్టుకుని నా వైపు అదోలా చూసింది.

"అక్కా, ఆరినంక పసుపు తేలుతదేమో అనుకున్న, ఇదేందక్కా ఆకుపచ్చ తెచ్చినవు? అత్తమ్మ పచ్చ అంటే పసుపుపచ్చ!"

 పచ్చ అనే మాట ఎంత పని చేసింది చూడండి! నాకు ఆకు, ఆవిడకు పసుపు. మళ్లీ కొట్టడానికి పొద్దూ లేదు, పొడీ లేదు. చేసేదేముంది, తిట్లకు సిద్ధపడి మిగతా గోడ కూడా పూర్తి చేశాం.

సాయంత్రం పెద్దమ్మ నుదుటికి విభూతితో వచ్చింది. గడపలో ఆగింది. గోడలు ఆరి, లేతగా, నీళ్ల అడుగున ఉన్నట్టుంది వంటిల్లంతా. ఆవిడ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"ఎంత సక్కగున్నది బిడ్డా! పసుపునీళ్లు సల్లినట్టే ఉన్నది!"

కోడలూ నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. అంత దూరం పోయిందా చూపు! అప్పుడే కొడుకు లోపలికొచ్చి, "పసుపేందమ్మా, ఇది ఆకు..." అంటుండగానే కోడలు అడ్డం పడింది.

"ఓయ్, దుకాణంల గిరాకీ వచ్చినట్టుంది, జల్దీ పో!"

అతను తెల్లబోయి వెళ్లాడు. కోడలు అత్త దగ్గరికి వెళ్లి, "అవునత్తమ్మా, పసుపుపచ్చనే. మీరు చెప్పిందే" అంది.

తర్వాత బావి దగ్గర అడిగాను, ఎందుకలా చెప్పావని. ఆ ఒక్క మాట నిజం చెబితే, రంగు కూడా ఆనడం లేదని పెద్దమ్మను మాన్పించేవాళ్లు, పొయ్యి ఆ రోజే కోడలి చేతికొచ్చేది. "ఎప్పటికైన నాకే వస్తది గదక్కా. జల్దీ ఏముంది? ఆమెకు ఇగ అదొక్కటే ఉన్నది" అని చేద దించింది. నాకంటే చిన్నది. ఆ క్షణంలో ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది, సిగ్గేసి మానేశాను.

మరి ఆ రంగు పనిచేసిందా అంటారేమో, చేసింది. లేతగోడకు ఎదురుగా గిన్నెలూ గరిటెలూ నల్లగా, స్పష్టంగా నిలబడేవి. గాజుపెంకు వెలుగు గోడకు తగిలి గదంతా పరుచుకునేది. పెద్దమ్మ మళ్లీ చెయ్యి కాల్చుకోలేదు. ప్రతి దసరా ముందు "అదే పచ్చ తేండ్రి" అనేది, మేం అదే తెచ్చేవాళ్లం. కొడుక్కీ పాఠం వచ్చేసింది, చుట్టాల ముందు కూడా పసుపే అనేవాడు. మాకు క్వార్టర్సు వచ్చాక కూడా నేను దసరాకి కుంచె పట్టడానికి వెళ్లేదాన్ని.

ఆఖరికి సంగారెడ్డిలో కంటి పొరలు తీసే ఆపరేషన్లు చేస్తున్నారంటే అందరం కలిసి ఒప్పించాం. మందపాటి అద్దాలతో ఆవిడ ఇంటికొచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. నేరుగా వంటింట్లోకి నడిచింది. వెనకే మేం.

"ఇది ఆకుపచ్చ" అంది నెమ్మదిగా. "ఎన్నడు మార్చిండ్రే?"

"మార్చలేదత్తమ్మా. మొదటి సంది గిదే" అంటూ కోడలు బావురుమంది.

పెద్దమ్మ గోడను వదిలేసింది. కోడలి భుజాలు పట్టుకుని గాజుపెంకు కిందికి, వెలుగులోకి జరిపింది. గడ్డం పట్టి ముఖం పైకెత్తింది.

"ఏడవకే, జెర కదలకుండ నిలవడు. పెండ్లి నాడు సూసిన్నంటే సూసిన్న, అటెన్క అంతా మసకనే. గిట్లుంటవా నువ్వు?"

కోడలు కన్నీళ్లు తుడుచుకోకుండా, కదలకుండా నిలబడింది. పెద్దమ్మ ఆ ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, కనుబొమల నుంచి మొదలుపెట్టి, తొందరేమీ లేనట్టు చూస్తూనే ఉంది.