దలాలో ఒక అరగంట

మొన్న ఆదివారం పొద్దున్న, కరెంటు ఉన్న కాస్త వ్యవధిలో, మా తమ్ముడి కూతురు తన ఫోను నా చేతికిచ్చి, "అత్తా, టైము చూసిపెట్టవా" అంది. వేరే దేశంలో ఏదో వైద్య కళాశాలకి ప్రవేశ పరీక్షట. చదివిన పాఠాల మీద కాదు, బుర్ర ఎలా పనిచేస్తుందో, మనిషి ఆ పనికి తగునో తగదో చూసే పరీక్షట. నాలుగు బొమ్మలు చూపించి అయిదోది ఏదో చెప్పమంటారు. అంకెల వరసలో తప్పిపోయిన అంకెని పట్టమంటారు. రోగి ఇలా అన్నాడు, నువ్వు ముందు ఏం చేస్తావు అని అడుగుతారు. ఒక్కోదానికి నలభై సెకన్లు. ఆ పిల్ల బర్మీసులోనూ ఇంగ్లీషులోనూ గొణుక్కుంటూ, మధ్యలో నా కోసం రెండు తెలుగు ముక్కలు కలుపుతూ టకటకా నొక్కేస్తోంది. టైము చూడవలసిన నేను చూడ్డం మరిచిపోయాను. ఇలాంటి పరీక్షకే నేనూ తయారయ్యాను. నలభై సెకన్లు కాదు, రెండున్నరేళ్లు.

అప్పుడు మేం ఈ ఊరి చిమిండైంగు పేటలో, మార్కెట్టు వెనక వీధిలో, ఒక చెక్క ఇంటి పై అంతస్తులో ఉండేవాళ్లం. మా తాత విశాఖపట్నంలో ఓడెక్కి బర్మా వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోసిన మనిషి. మా నాన్న అదే రేవులో క్రేను కింద నిలబడి పైవాడికి చేతులతో సైగలు చేసే పనిలో ఉండేవాడు. ఆ ఇంట్లో నేను పదో తరగతి, ఇక్కడ కాలేజీకి ముందు అదే ఆఖరుది, మంచి మార్కులతో పాసయ్యాను. మా అమ్మ ఆ రోజే నన్ను డాక్టర్ని చేసేసింది, నన్ను అడక్కుండానే. అయితే అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. మార్కులు వచ్చేసరికి కాలేజీలన్నీ మూతపడ్డాయి, పిల్లలు వీధుల్లో ఉన్నారు. ఎప్పుడు తెరుస్తారో చెప్పేవాళ్లు లేరు. అలాంటప్పుడు కింది వాటాలో ఉండే రిటైరైన టీచరమ్మ, మేమంతా సయామా అని పిలిచే ఆవిడ, ఒక వార్త మోసుకొచ్చింది. ఈసారి వైద్య కళాశాలకి మార్కులొక్కటే చాలవట, తగినవాళ్లో కాదో చూసే పరీక్ష కూడా పెడతారట. ఎవరు చెప్పారని అడిగితే, అందరూ అంటున్నారు అంది.

ఆ పరీక్షకి పుస్తకం లేదు, పాత ప్రశ్నపత్రం లేదు, రాసొచ్చిన వాళ్లెవరూ లేరు. బయటి దేశాల్లో ఇలాంటివి ఉంటాయని విన్నాం గాని, బయటి నుంచి అప్పట్లో ఉత్తరం రావడమే గగనం. ఏమీ తెలియనప్పుడు అందరికీ అన్నీ తెలుస్తాయి. లెక్కలు నోటితో చేయిస్తారని నాన్న నమ్మకం. అన్నం తింటూ ఉండగా పదిహేడు పదమూళ్లెంత అని అడిగేవాడు, జవాబు ఆయనకీ తెలిసేది కాదు. అమ్మ రంగురంగుల దారప్పోగులు కలగాపులగం చేసి, మసక వెలుతురులో విడదీయమనేది. పచ్చకామెర్లకీ పసుపు రాసిన ఒంటికీ తేడా తెలియని డాక్టరు ఎందుకని ఆవిడ వాదన. సయామా అగ్గిపుల్లల బొమ్మలు పేర్చి, రెండు పుల్లలు జరిపి ఇంకో బొమ్మ చెయ్యమనేది. నేను చెయ్యలేకపోతే, వేసవిలో నీ వయసు పిల్లాడొకడు చేశాడనేది. ఆ పిల్లాడు ఎవరో నేనెప్పుడూ చూడలేదు.

మా మేనమామ దారి వేరు. ఆయన నది అవతల దలాలో ఒక చిన్న ఆసుపత్రిలో కాంపౌండరు. చదివింది ఏడో తరగతి. సన్నటి పొడుగాటి మనిషి, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా బొత్తాలు పెట్టుకునేవాడు, దగ్గరికి వస్తే స్పిరిట్టు వాసన, తమలపాకు వాసన కలిసి వచ్చేవి. రోజూ ఫెర్రీ దాటి వెళ్లి, ఫెర్రీ దాటి వచ్చేవాడు. ఆదివారాలు మా ఇంట్లో భోంచేసేవాడు. పరీక్ష సంగతి విని, "పిల్ల కూకోగలదో లేదో సూస్తారు, మరింకేటీ ఉండదు" అన్నాడు. ఇంటిల్లిపాదీ నా వైపు చూశారు. ఎందుకంటే కూర్చోవడమే నాకు చేతకాని పని. చదువుతున్నా నడుస్తూనే చదివేదాన్ని, తింటున్నా కిటికీ దగ్గరికి నాలుగుసార్లు లేచేదాన్ని. మావ నాచేత ఇరుగుపొరుగు అందరి నాడీ పట్టించడం మొదలుపెట్టాడు. గడియారం చూస్తూ నిండుగా ఒక నిమిషం, మాట్లాడకుండా. అర నిమిషం చూసి రెండుతో హెచ్చవేస్తే సరిపోతుంది కదా అని నేనోసారి తెలివి చూపించాను. ఆయన కాసేపు నమిలి, "మిగతా సగంలో ఏటయ్యిందో నీకెలా తెలుస్తాది?" అన్నాడు.

ఆగస్టు వచ్చింది. ప్రభుత్వం దిగిపోవాలంటూ మా వీధి చివరి నుంచి ఊరేగింపులు కదిలేవి. ముందు పిల్లలు, తరవాత గుమస్తాలు, రేవు కూలీలు, నర్సులు, సన్యాసులు. ఆ కేకలు చెక్క గోడల్లోంచి వచ్చి నా పక్కటెముకల్లో మోగేవి. నా క్లాసు పిల్లలు ఇద్దరు కింద నిలబడి నన్ను పిలిచారు కూడా. అమ్మ తలుపు గడియ వేసి దానికి వీపు ఆనించి కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేది. ఊరి నడిబొడ్డున చౌక్తడాలో కాల్పులయ్యాయని విన్న రోజు నాన్న పని నుంచి పెందరాళే వచ్చి, కిటికీ రెక్కలన్నీ మూశాడు. మర్నాడు నేను వంటింటి వెనక మెట్ల మీంచి జారుకోబోతూ అమ్మకి దొరికిపోయాను. ఆ వారమే మావ, పిల్లని నాలుగు రోజులు దలా తీసుకుపోతాను, పరీక్షకి పనికొస్తుంది అన్నాడు. నా ప్రాణం దక్కించడానికి పరీక్షని సాకు చేశాడని నాకు తెలుస్తూనే ఉంది.

మేం దాటిన మర్నాడు ఫెర్రీలు ఆగిపోయాయి. నాలుగు రోజులు పదకొండయ్యాయి. డాక్టరుగారు ఊళ్లోంచి రాలేకపోయారు. రేకుల కప్పు, వెదురు గోడలు, ఆరు మంచాలు, మావ, నేను. వానలకి నీళ్లు పాడై విరేచనాలు పట్టుకున్నాయి. సెలైను సీసాలు మూడో రోజుకే అయిపోయాయి. ఇక ఉన్న మందల్లా కాచిన నీళ్లలో ఉప్పు, పంచదార. చెంచాతో పట్టాలి. ఎక్కువ పడితే కక్కేస్తారు, ఆపితే ఎండిపోతారు. రెండు నిమిషాలకో చెంచా, రోజంతా.

నాకు మావ అప్పగించింది ఒక ముసలమ్మని. గంజాం వైపు మనిషి, ఎండుచేపలు పరిచే చోట పని చేసేది. సగం తెలుగు, సగం ఒడియా మాట్లాడేది. కొడుకు చౌక్తడాలో కూలికెళ్లి అవతలి ఒడ్డున చిక్కుకుపోయాడు. చెంచా నోటి దగ్గరికి తెచ్చినప్పుడల్లా, "మావోడొచ్చినాడా?" అనేది. రాలేదు మామ్మా, వస్తాడు, తాగు అనేదాన్ని. తాగేది. ఆమె చెయ్యి నా మోకాలి మీద ఉండేది, కోడిపిల్లంత బరువు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా నేను కదల్లేదు. నాకే ఆశ్చర్యమేసింది. మావ అటు వెళ్తూ ఒకసారి ఆగి, నన్ను చూసి పోయాడు. ఆయన అలా చూస్తే నలుగురి ముందు మెచ్చుకున్నట్టే.

మధ్యాహ్నం దాటాక రోడ్డు మీద ఊరేగింపు వచ్చింది. దలాలో కూడా వస్తుందని నేననుకోలేదు. ముసలమ్మ కాస్త కళ్లు మూసుకుంది. గుమ్మం దాకా వెళ్లి చూసొద్దామనుకున్నాను. గుమ్మం నుంచి కంచె దాకా, కంచె నుంచి రోడ్డు దాకా. ఎవరో ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. అంతే, నేను నడిచాను. అరిచాను. వాన పడుతోంది, నడుముకి కట్టిన లొంజీ తడిసి కాళ్లకి చుట్టుకుంటోంది, గొంతు బొంగురుపోతోంది. అబద్ధమెందుకు, నా పదిహేడేళ్లలో అంత సుఖం నేనెరగను. బజారు మలుపు దగ్గర చెంచా నా చేతిలోనే ఉందని చూసుకున్నాను.

పరిగెత్తుకొచ్చేసరికి అరగంటయి ఉంటుంది. ముసలమ్మ మంచం పక్క నేల తడిగా ఉంది, గిన్నె బోర్లాపడి ఉంది. దానికోసం తనే చెయ్యి చాపిందేమో. మావ నా పీట మీద కూర్చుని ఇంకో చెంచాతో పడుతున్నాడు. నన్ను చూసి లేచి పీట ఇచ్చాడు. నేను కూర్చున్నాను. చీకటి పడేదాకా కూర్చున్నాను, తెల్లవారి మళ్లీ కూర్చున్నాను. ఆమె ఇక కొడుకు గురించి అడగలేదు. ఆ పొద్దుటే, చెంచా పెదవుల మధ్య ఉండగానే పోయింది.

ఫెర్రీలు నడిచిన రోజున కొడుకు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, భుజాన తువ్వాలు. మావ నన్ను చూపించి అతనితో, "ఈ గుంటే నీ తల్లి దగ్గిర కూకుంది. లెగనేదు" అన్నాడు. ఆ మనిషి నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నేను నేల చూశాను. తిరుగు ఫెర్రీ మీద మావ పక్కన నిలబడి ఎన్నోసార్లు నోరు తెరిచి మూశాను. వయసు మీద పడ్డ ప్రాణం, ఎలాగూ నిలిచేది కాదని ఆయన నదితో చెప్పినట్టు చెప్పాడు. మరి ఆ మాట నాకోసమా, నిజమా? అడగలేదు.

సెప్టెంబరు తరవాత అంతా అణిగిపోయింది. ఊరేగింపుల వీధుల్లో సైన్యం లారీలు నిలబడ్డాయి. జనం రేడియో పక్కన చెవి పెట్టి వినేవారు, విన్నది ఇంకొకరికి చెప్పేవారు కాదు. నన్ను పిలిచిన ఇద్దరు పిల్లల్లో ఒకతను సరిహద్దు దాటిపోయాడన్నారు. రెండోది పెళ్లి చేసుకుని మాండలే వెళ్లిపోయింది. కాలేజీలు తెరవలేదు. ఈ ఏడు తెరుస్తారు, వానలు తగ్గాక తెరుస్తారు, పండగ వెళ్లాక తెరుస్తారు. మా ఇంట్లో పరీక్ష చదువు మాత్రం ఆగలేదు. దారప్పోగులు మాసిపోయాయి, అగ్గిపుల్లలు విరిగాయి. మావ ఆదివారం వచ్చేవాడు, నేను ఎదురుగా కూర్చుని నిమిషం నిండా ఆయన నాడి పట్టేదాన్ని. ఇప్పుడు కూర్చోగలుగుతున్నానని అమ్మ మురిసిపోయేది. లోపల మాత్రం ఒక్క క్షణం కుదురు లేదు. ఆ రెండున్నరేళ్లు నేను ఆ ఇంట్లోంచి రోజుకి వందసార్లు పారిపోయాను, కుర్చీలోంచి లేవకుండా.

చివరికి పిలుపొచ్చింది. రాత పరీక్షలో అచ్చంగా సయామా పేర్చినటువంటి బొమ్మలే ఉన్నాయి, ఆవిడ మొహం చూడాల్సింది. తరవాత ముగ్గురు పెద్దల ముందు మాటామంతీ. వెళ్లే ముందు అందరూ ఒకటే చెప్పారు, దలా సంగతి చెప్పు, రోగి దగ్గర కూర్చున్న సంగతి చెప్పు అని. మావ కూడా తలూపాడు. ముగ్గురిలో నడివయసు డాక్టరమ్మ, నువ్వెప్పుడైనా ఎవరికైనా సేవ చేశావా అని బర్మీసులో అడిగింది. చేశానని మొదలుపెట్టాను. ముసలమ్మ, ఉప్పునీళ్లు, రెండు నిమిషాలకో చెంచా. ఆవిడ తల పంకిస్తూ వింటోంది. అక్కడ ఆపితే సరిపోయేది. ఆపలేదు. మధ్యలో లేచి వెళ్లిపోయానని చెప్పాను. ఊరేగింపు మాట ఆ గదిలో అనకూడదు కనుక అనలేదు, లేచానని మటుకే అన్నాను. ఆవిడ కలం ఆపి, ఎందుకు లేచావు అంది. కూర్చోలేకపోయాను అన్నాను. మళ్లీ అలాంటి రోజు వస్తే లేవవా అంది. తెలీదండీ అన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది.

జాబితాలో నా పేరు లేదు. ఆ జవాబు వల్లో, వలస వచ్చినవాళ్లకి వేరుగా ఇచ్చే మా పౌరసత్వపు కార్డు రంగు వల్లో, నాకంటే తగినవాళ్లు ఉండడం వల్లో ఇప్పటికీ తెలీదు. అమ్మ రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. నాన్న నాకు టీ తెచ్చిచ్చాడు, లెక్కలేమీ అడగలేదు. ఆదివారం మావ వచ్చి, లోపల ఏం అడిగారు, ఏం చెప్పావు అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తమలపాకు చుడుతున్నవాడల్లా ఆపి, దాన్ని అలాగే పళ్లెంలో పెట్టేశాడు.

"తెలీనోల్లకి సెప్పావు," అన్నాడు, "నాకు సెప్పలేదు."

భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు. ఆయన మా ఇంట్లో తినకుండా వెళ్లిన ఆదివారం అదొక్కటే. ఆయనకి అంతా తెలుసు, కళ్లారా చూశాడు, నా తరఫున అబద్ధం కూడా ఆడాడు. అయినా నా నోటి నుంచి ఆ మాట రావాలని రెండున్నరేళ్లు నాకు చెయ్యి ఇచ్చి ఎదురుగా కూర్చున్నాడని అప్పుడు అర్థమైంది.

మర్నాడు తెల్లవారాక మొదటి ఫెర్రీకి రేవుకి వెళ్లాను. ఆయన రెయిలింగు దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన నిలబడి చెప్పాను, కంచె దాకా, రోడ్డు దాకా, బజారు దాకా, ఎంత సంతోషంగా అరిచానో అది కూడా. పడవ ఒడ్డు తాకేదాకా విన్నాడు. దిగుతూ, "పద, జనం వచ్చేసుంటారు" అన్నాడు. ఆ రోజు నాకు కట్లు కట్టే గాజుగుడ్డలు కత్తిరించే పని ఇచ్చాడు. తరవాతెప్పుడో నర్సు ట్రైనింగు అయ్యాను, ఆ దలాలోనే ముప్పై ఏళ్లు పనిచేసి కిందటేడు దిగిపోయాను. ఓపిక వచ్చిందని చెప్పను. ఇప్పటికీ మంచం పక్క కూర్చుంటే కాళ్లు గుమ్మం వైపు తిరిగే ఉంటాయి, నేను వాటిని పట్టుకుని కూర్చోవాలి.

మావా నేనూ పదకొండేళ్లు ఆ ఫెర్రీ కలిసి దాటాం, ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు దలాకి వంతెన కడుతున్నారు, నది దాటడానికి ఇక ఫెర్రీ కోసం చూడక్కర్లేదంటున్నారు. మంచిదే, రోగం ఫెర్రీ వేళకి రాదు. కానీ మా ఇద్దరికీ ఆ పది నిమిషాల దారి ఉండబట్టి సరిపోయింది. ఒకరికొకరం చెప్పుకోవలసింది చెప్పుకోవడానికి, ఆ పది నిమిషాలూ రోజుకి రెండుసార్ల చొప్పున పదకొండేళ్లు పోగుపడవలసి వచ్చింది.