అత్తగారి తుమ్మకాయల విందు

మొన్న పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళానా, మిరప మొక్క ఉన్న కుండీలో ఇంకేదో మొలక తలెత్తి చూస్తోంది. కళ్ళజోడు తెచ్చుకుని వంగి చూస్తే ఇంకేముంది, నల్లతుమ్మ! నల్లపాడు దగ్గర అపార్టుమెంటులో నాలుగో అంతస్తు మాది, ఇక్కడికి తుమ్మ ఎలా వచ్చిందబ్బా అనుకుంటూ ఉండగా, ఆ మధ్య మావారు సంచీలో కొనుక్కొచ్చి కుండీల్లో పోసిన గొర్రెల ఎరువు గుర్తొచ్చి, ఒక్కదాన్నే పకపకా నవ్వేశాను. మావారు ఏమైందంటూ పరుగున వచ్చి, కుండీలోకి తొంగిచూసి, "ఇంకేం, అమ్మొచ్చింది" అని ఆయనా నవ్వడం మొదలుపెట్టారు. అవును మరి, తుమ్మ మొలక కనిపిస్తే మా ఇంట్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది మా అత్తగారే.

నేను కాపురానికి వెళ్ళింది తొంభైల చివర్లో. చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య, పెద్ద రోడ్డు దిగి లోపలికి వెళితే వచ్చే ఊరు. మా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పుడు ఆ రోడ్డు మీద రెండు లారీలు ఎదురుపడితే ఎడ్లబండి పక్కకి దిగాల్సిందే. కోతల కాలంలో కళ్ళాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటుకి బస్సులో వాళ్ళందరూ ఒకేసారి తుమ్మేవాళ్ళు. నేను గుంటూరులో వృక్షశాస్త్రం చదివి, సూర్యుడి నుంచి గడ్డికి, గడ్డి నుంచి మేకకి, మేక నుంచి మనిషికి బాణాలు గీసి, శక్తి ఒక్కో మెట్టుకీ ఎట్లా తరిగిపోతుందో, మట్టిలోని సారం మాత్రం ఎట్లా తిరిగి తిరిగి మట్టికే చేరుతుందో గుక్కతిప్పుకోకుండా చెప్పగల కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టాను. వంట మాత్రం రాదు. అదృష్టం ఏమిటంటే మా అత్తగారికీ రాదు. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోవడంలో ఆవిడకి ఊళ్ళో పోటీ లేదు, అందుకే మా ఇద్దరికీ మొదటి రోజు నుంచే కుదిరింది.

ఆవిడకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను ఒకటి ఉండేది, ఊరికి తూర్పున. తూర్పుచేను అనేవాళ్ళం. నల్లరేగడి, ఒకప్పుడు అందులో మిరప విరగకాసేదట. నేను వెళ్ళేసరికి మాత్రం ఆ నేల అలిసిపోయింది. పత్తి మీద పత్తి, మిరప మీద మిరప వేసి, బస్తాల ఎరువు తప్ప పేడన్నది చూపించక, నేల గడ్డకట్టి గట్టిపడిపోయింది. మా మావయ్యగారు విసిగిపోయి, ఇటుకల బట్టీ ఆయనకి మట్టి ఇచ్చేద్దామన్నారు. ఇవ్వడమంటే నడుం లోతున పైమట్టంతా తవ్వి ట్రాక్టర్లకెత్తుకు పోతారు, మిగిలేది గుంట. పక్క చేల వాళ్ళు ఒకరిద్దరు అప్పటికే ఇచ్చేశారు కూడా. ఆ మాట విన్నరోజు మా అత్తగారు అన్నం తినలేదు. మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని, "మా నాన్న నాకు నేలిచ్చాడు గానీ గుంట ఇవ్వలా. ఈ ఒక్క ఏడూ ఆగయ్యా, మంద కట్టిస్తా" అంది. మావయ్యగారు సరే అన్నారు, అదే ఆఖరు అని కూడా అన్నారు.

మంద కట్టించడమంటే ఈ కాలం వాళ్ళకి తెలియదేమో. ఎండాకాలం చేలు ఖాళీ కాగానే కనిగిరి వైపు నుంచి గొర్రెలూ మేకలూ మందలుగా మా వైపు దిగేవి. పగలంతా ఊళ్ళ వెంట మేసి, పొద్దు వాలేవేళకి ఎవరు పిలిస్తే వాళ్ళ చేలోకి చేరేవి. చుట్టూ వల కట్టి తెల్లారేదాకా వాటిని అక్కడే ఉంచి, మర్నాడు వల పక్కకి జరిపి, అట్లా చేనంతా తిప్పేవారు. ఊరి గట్ల మీది గడ్డంతా వాటి కడుపుల్లో నడిచొచ్చి మన చేలో పడేదన్నమాట. దానికి కాపరులకి గింజలు కొలిచేవాళ్ళు, రాత్రి భోజనం కూడా చేనుగలవాళ్ళదే. అసలు చిక్కంతా ఆ భోజనం దగ్గరే ఉంది. మంద ఒకటి, పిలిచే ఇళ్ళు పది. ఎదురింటి పెద్దమ్మగారు నాటుకోడి పులుసు పెడితే పెద్దకాపరి వారం తిరిగినా కదలకుండా ఆవిడ చేలోనే పాతుకుపోయాడు. మా అత్తగారు వెళ్ళి పిలిస్తే, "వస్తాలే అమ్మా, తొందరేముంది" అని తల గోక్కున్నాడు. కిందటేడు దారిన పోతూ మా ఇంట్లో తిన్న చప్పటి పప్పు అతనికి ఇంకా గుర్తుందని నాకు అర్థమైంది.

ఇంటికొచ్చి మా అత్తగారు, "అమ్మాయ్, కాపరికి మన వంట నచ్చకపోతే పోయె, గొర్రెలకి నచ్చేది పెడదాం" అంది. ఇంక చూడాలి ఆవిడ హడావుడి! కాలవగట్టు వెంబడి ఉన్న నల్లతుమ్మ చెట్ల కిందకి నన్నూ, మా తోటికోడల్నీ వెంటేసుకుని వెళ్ళి, దోటీలతో కాయలు రాలగొట్టించి, గోతాలకెత్తించింది. కొప్పునిండా ముళ్ళు, చేతులనిండా గీతలు. తుమ్మకాయలంటే గొర్రెలకీ మేకలకీ మనకి జంతికల్లాంటివి, వాసనొస్తే ఆగవు. ఒక సాయంత్రం మంద మా చేను పక్కగా పోతుండగా ఆవిడ గోతాం మూతి విప్పి, చేలో ఇంత మేర కాయలు వెదజల్లింది. ముందు నడిచే మేకపోతు మెడ తిప్పింది, అంతే, మందకి మందే మా చేలో పడింది. కాపరి హేయ్ హేయ్ అని అరుస్తున్నాడు, కర్ర ఊపుతున్నాడు, వినే నాథుడు లేడు. చివరికి అతనూ నవ్వేసి వల దింపాడు. ఆ రోజు నుంచి మంద చేనంతా తిరిగిందాకా రోజూ సాయంత్రం విందే. చప్పటి పప్పు తింటూ కాపరి, "మా జీవాలకి పెట్టినట్టు మాకూ పెట్టొచ్చుగదమ్మా" అనేవాడు. ఆవిడ మురిసిపోయి నవ్వేది, పప్పు మాత్రం మారలేదు.

తొలకరి పడింది. మా అత్తగారు తెల్లారగట్లే లేచి, మట్టి వాసన చూసొస్తానని చేనుకి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. తూర్పుచేను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పచ్చగా ఉంది, అదంతా తుమ్మే! మెత్తటి కాయ గొర్రె పొట్టకి పోయింది, గట్టి గింజ మాత్రం అరక్కుండా, పైగా పేడలో నాని, మొలకెత్తడానికి సిద్ధమై బయటికొచ్చింది. కాయలు తిన్నదీ ఆ చేలోనే, నెమరేసిందీ అక్కడే, మిగతాదీ అక్కడే. ఊళ్ళో ఎవరూ అంత శ్రద్ధగా తుమ్మ సాగు చేసి ఉండరు. నేను నీరుగారిపోయి ఏదో శాస్త్రం చెప్పబోతే ఆవిడ నా వంక చూసి, "నువ్వు గీసే ఆ బాణాల బొమ్మలో గొర్రె కడుపున గింజలుంటాయని రాయలేదటే?" అంది. ఏడవాల్సిన సమయంలో మా ఇద్దరికీ నవ్వాగలేదు.

ఊరంతా కూడా నవ్వింది. దారిన పోయేవాళ్ళంతా "ఏందమ్మా, ఈ ఏడు తుమ్మబంక ఎగుమతి చేస్తన్నావంట" అని పలకరించేవాళ్ళు. మావయ్యగారు మాత్రం నవ్వలేదు. గుంటక తోలించి చూశారు, తెగినవాటిలో సగం మళ్ళీ చిగిర్చాయి, ఇంకో వానకి కొత్తవి లేచాయి. అవి ముదిరి ముల్లు గట్టిపడితే కాయకోతకి ఏ కూలీ ఆ చేలో కాలుపెట్టదు. "నారు నాటే వేళకి చేను శుభ్రపడితే మిరప, లేకపోతే బట్టీకే" అని తేల్చేశారు. ఆవిడ కొంగు బిగించింది.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు ఎంత తేలికవుతుందో చెప్పలేను. వాన వెలిసి నేల మెత్తగా ఉన్న ప్రతి పొద్దుటా నేనూ, తోటికోడలూ, ఆవిడా వరసగా కూర్చుని వేళ్ళతో సహా పీకేవాళ్ళం. మావారు బ్యాంకు నుంచి రాగానే ప్యాంటు మడిచి దిగేవారు. పోటీపడిన ఎదురింటి పెద్దమ్మగారే ఒకరోజు నలుగురిని వెంటేసుకుని వచ్చి, "మంద నా దగ్గర్నుంచి ఎగరేసుకుపోయావుగా, అనుభవించు" అంటూనే పక్కన కూర్చుని పీకింది. కబురు తెలిసి కాపరి కూడా వెళ్ళేవాడు వెళ్ళక, మేకల్ని వెనక్కి మళ్ళించుకొచ్చి లేతమొలకల మీదికి వదిలాడు. అవి తిన్నవి తినగా, పీకినవాటిని గట్టు మీద పారెయ్యబోతే మా అత్తగారు ఒప్పుకునేది కాదు. "ఈ చేను తిని పెరిగిందిగా, ఈ చేనుకే పెట్టు" అని సాళ్ళలోనే పరిపించేది. ఒకనాడు ఒక మొలకని లాగితే దాని వేరుతోపాటు లావుపాటి వానపాము బయటికొచ్చింది. అది చూసి ఆవిడ చంటిపిల్ల నవ్వింది చూడండన్నంత సంబరంగా అందరినీ పిలిచింది. ఇంతలో కొంగలు దిగాయి, గోరింకలు దిగాయి, మా వెనకే నడుస్తూ ఏరుకు తింటున్నాయి. మావయ్యగారు గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు. తర్వాత చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, ఆఖరి వరసలో కూర్చున్నారు.

ఆ ఏడు తూర్పుచేలో మిరప నడుం దాటి పెరిగింది. కాయలు ఎర్రబడే రోజుల్లో బట్టీ ఆయన మళ్ళీ వచ్చి అడిగితే మావయ్యగారు, "చేను ఆమెది. అడిగే ధైర్యముంటే నువ్వడుగు, నాకైతే లేదు" అన్నారు. వంటింట్లో ఉన్న మా అత్తగారు ఆ మాట విని, ఆ పూట కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. అందరం కిక్కురుమనకుండా తిన్నాం.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఆ రోడ్డు వెడల్పై మందలు దాటే వీలు పోయింది, గొర్రెలు లారీల్లో పోతున్నాయి, వాటి ఎరువు సంచీల్లో మా నాలుగో అంతస్తుకి వస్తోంది. ఆ మధ్య చేను చూసొద్దామని ఊరెళ్ళి, మారిపోయిన దారులు పోల్చుకోలేక మా తూర్పుచేను ఎక్కడని కొత్తగా వచ్చిన కౌలుదారు కొడుకుని అడిగితే, "దిబ్బచేనా అండీ?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. వెళ్ళి చూస్తే చుట్టుపక్కల చేలన్నీ ఇటుకలైపోయి గుంటలు దిగి నీళ్ళు నిలిచి ఉన్నాయి, మధ్యలో మా అత్తగారి చేను ఒక్కటే నడుమెత్తున నిలబడి ఉంది. అది పెరిగింది లేదు, ఆవిడ దాన్ని దిగనివ్వలేదు అంతే. గట్టెక్కి నిలబడితే కళ్ళ నీళ్ళు ఆగలేదు.

మట్టిలోని సారంలా కాదు, ఎండ తెచ్చే శక్తి ఒకసారి వచ్చి పోయేదే, తిరిగి రాదని చదువుకున్నాను. ఆ రోజులూ అంతే, రావు. కుండీలోని తుమ్మ మొలకని రెండు రోజులు చూసుకుని, ఇవాళ పొద్దున మెల్లిగా పీకేశాను. పారెయ్యబుద్ధి కాలేదు, ఆవిడ చెప్పినట్టే మిరప మొక్క మొదట్లోనే పెట్టి, ఇంత మట్టి కప్పాను.